బంద్ పిలుపు ఇచ్చే ముందు: ఆస్తి పగలగొట్టడం హింసేనా? పగలకుండా నడపడం ఎలా?

అనంతపురం సప్తగిరి సర్కిల్లో ధర్నా కానీ, కర్నూలు రాజ్‌విహార్ దగ్గర మానవహారం కానీ, కడప ఏడురోడ్ల కూడలిలో రాస్తారోకో కానీ, పిలుపు ఇచ్చే కమిటీ కూర్చున్నప్పుడు జెండాలు, మైకు, ఫ్లెక్సీలు, ఆటోల ఖర్చు అన్నీ చర్చకు వస్తాయి. బస్సు అద్దం పగిలితే ఏం చేయాలన్నది మాత్రం రాదు. అడిగినవాడిని పిరికివాడంటారని ఎవరూ ఎత్తరు. ఆ ఒక్క విషయం ముందే తేల్చుకోని కమిటీకి మర్నాడు పేపర్లో డిమాండ్ కనపడదు, పగిలిన అద్దం ఫొటో కనపడుతుంది. హంద్రీ–నీవా నీళ్లు, వేరుశనగ పంటల బీమా, కడప ఉక్కు, కర్నూలులో హైకోర్టు, ఏ డిమాండ్‌కైనా ఇదే గతి. విద్యార్థి సంఘాలు, రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, పార్టీల మండల కమిటీలు పిలుపుకు ముందు చదువుకోవడానికి రాసింది ఇది.

మొదట ప్రశ్న తేల్చుకోండి

"మనిషి మీద చెయ్యి వేయలేదు కదన్నా, అద్దమే కదా పగిలింది" అనే మాట ప్రతి ఊళ్లో వినపడుతుంది. దాన్ని కొట్టిపారేయకూడదు. ఇనుముకు, గాజుకు నొప్పి ఉండదు. చిరిగిన పోస్టర్‌నూ కాలిన బస్సునూ ఒకే గాటన కట్టి "విధ్వంసం" అని రాసే పోలీసు రిపోర్టుకు దాని లెక్క దానికుంటుంది: లాఠీచార్జికి కారణం చూపించాలి. అందుకే రెండింటికీ తేడా చెప్పగలగాలి. కానీ ఆ అద్దం పగిలేటప్పుడు ఏం జరుగుతుందో కూడా దగ్గర నుంచి చూడాలి.

పల్లెవెలుగు బస్సు ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. రాయి తగిలితే ఊడి పడదు. తగిలిన చోటు నుంచి నాలుగు వైపులా బీటలు పాకి తెల్లబడుతుంది, డ్రైవర్‌కు రోడ్డు కనపడదు. లోపలి వైపు నుంచి సన్నటి గాజు పొడి లేచి కళ్లలో పడుతుంది. చేతిలో స్టీరింగ్, వెనక నలభై యాభై మంది. పక్క అద్దాల సంగతి వేరు. అవి వేడిచేసి గట్టిపరచిన గాజు. ఒక మూల దెబ్బ తగిలితే అద్దం మొత్తం మొక్కజొన్న గింజలంత ముక్కలై ఒక్కసారిగా రాలుతుంది. రాలేది కిటికీ పక్కన కూర్చున్నవాళ్ల ఒళ్లోకి. కిటికీ పక్క సీటు కావాలని పట్టుబట్టేది ఎక్కువగా పిల్లలే. "అద్దమే కదా" అన్న మాట ఇక్కడ నిలబడదు.

నిప్పు పెడితే చెప్పనే అక్కర్లేదు. 2000 ఫిబ్రవరి 2న తమిళనాడు ధర్మపురి దగ్గర, తమ నాయకురాలికి కోర్టు శిక్ష వేసిందని నిరసనకు దిగిన పార్టీ కార్యకర్తలు కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం బస్సుకు నిప్పు పెట్టారు. ముగ్గురు విద్యార్థినులు లోపలే కాలిపోయారు. మన దగ్గర కూడా, 2005 జనవరిలో అనంతపురంలో పరిటాల రవి హత్య జరిగాక రాష్ట్రంలో చాలాచోట్ల బస్సులు తగలబడ్డాయి. బస్సులో ఎవరూ లేరని పెట్రోలు పోసేవాడికి ఖాయంగా ఎలా తెలుస్తుంది? వెనక సీట్లో నిద్రపోతున్న క్లీనర్ బయటి నుంచి కనపడడు.

కమిటీలో వాదన తెగకపోతే మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, ఆ వస్తువు లోపల, వెనక, పక్కన మనిషి ఉన్నాడా, ఉండే అవకాశం ఉందా? ఉంటే అది హింసే, ఇక చర్చ లేదు. నడిచే బస్సు, రైలు, తెరిచిన షాపు, కరెంటు తీగలు, గ్యాస్ బండి అన్నీ ఇందులోకి వస్తాయి.

రెండు, అది ఎవరి కూడు? తోపుడు బండి మీద అరటిపండ్లు పోతే ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆటో అద్దం పగిలితే మార్చేదాకా కిరాయి ఉండదు, ఫైనాన్స్ కంతు మాత్రం ఆగదు. ఇది ఒంటికి తగలని దెబ్బ అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. దీన్నీ హింస కిందే లెక్కేయాలన్నది మా గట్టి అభిప్రాయం.

మూడు, సాయంత్రంలోపు మన చేతులతో, మన డబ్బుతో దాన్ని మళ్లీ మునుపటిలా చేయగలమా? తడి గుడ్డతో పోయే సుద్ద రాతకూ, పునాదితో పెకలించిన శిలాఫలకానికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

మన సొంత వస్తువును మనమే పాడు చేసుకోవడం ఈ మూడింటికీ దొరకదు. పత్తికొండ రైతు ధర లేక టమాటా రోడ్డు మీద పారబోయడం, ఆడవాళ్లు ఖాళీ బిందెలు పగలగొట్టడం, దిష్టిబొమ్మ తగలబెట్టడం హింస కాదు. 1921లో బొంబాయిలో విదేశీ బట్టల కుప్పకు గాంధీజీ స్వయంగా నిప్పు పెట్టారు. ఆ బట్టలు జనం తమ ఒంటి మీద నుంచి, ఇళ్లలో నుంచి ఇష్టపడి తెచ్చి వేసినవి. మరుసటి ఏడాది చౌరీచౌరాలో పోలీస్ స్టేషన్‌కు నిప్పు పెట్టి, లోపలున్న పోలీసుల ప్రాణాలు తీసినప్పుడు ఉద్యమాన్నే ఆపేశారు.

ఈ గీత గీయడం మన జిల్లాలకు కొత్త కాదు. 1942 జూలైలో, క్విట్ ఇండియాకు ముందు, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ తరఫున కళా వెంకట్రావు తయారు చేసిన రహస్య సర్క్యులర్ చరిత్రలో కర్నూలు సర్క్యులర్ అనే పేరుతో నిలిచింది. టెలిగ్రాఫ్ తీగలు తెంచడం దాకా అందులో ఉంది. కానీ పట్టాలు తొలగించకూడదని, ఎవరి ప్రాణానికీ ముప్పు రాకూడదని కూడా అందులోనే ఉంది. తీగ దగ్గర గీసిన గీత సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించవచ్చు. తెల్లవాడి ప్రభుత్వం మీద తిరగబడుతున్నప్పుడు కూడా ఏది తాకాలి, ఏది తాకకూడదు అని కాగితం మీద పెట్టుకున్నారన్నది గమనించండి.

ఇక మిగిలింది విగ్రహాలు. రాయికి ప్రాణం లేదు, పక్కన మనిషి లేడు, ఎవరి కూడూ కాదు. అయినా ముట్టుకోవద్దనే చెబుతాం. మన పల్లెల్లో ఒక విగ్రహం చెయ్యి విరిగితే రెండో రోజుకు రెండు వీధులు కర్రలు పట్టుకుంటాయి. సమైక్యాంధ్ర ఉద్యమంలో కూల్చిన విగ్రహాల వల్ల ఢిల్లీలో ఒక్క కాగితం కూడా కదలలేదు.

చట్టం ఎక్కడ గీత గీసింది

కొత్త భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అందులో 191వ సెక్షన్ అల్లర్లకు సంబంధించింది. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది చట్టవిరుద్ధ సమూహంగా ఉన్నప్పుడు, వాళ్లలో ఒక్కడు ఉమ్మడి ఉద్దేశం కోసం బలం కానీ హింస కానీ వాడినా అందరి మీదా కేసు పడుతుంది. ఇక్కడ హింస అంటే మనిషి మీద చేసేదే కాదు, వస్తువుల మీద చేసేది కూడా అని పాత చట్టం కాలం నుంచే కోర్టులు చెబుతున్నాయి. కాబట్టి "మేం ఎవరినీ కొట్టలేదు" అన్న మాట కోర్టులో సగం జవాబే. ఊరికే నిలబడి చూసినవాడు నేరస్థుడు కాడు. కానీ అది రుజువు చేసుకోవడానికి ఆ పిల్లవాడు ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగాలి, ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ వచ్చినప్పుడల్లా జవాబు చెప్పుకోవాలి.

324వ సెక్షన్ ఆస్తి నష్టానిది. నష్టం 20,000 రూపాయల నుంచి లక్ష లోపు ఉంటే రెండేళ్ల దాకా, లక్ష దాటితే ఐదేళ్ల దాకా శిక్ష. ఆర్టీసీ బస్సు, కరెంటు సబ్‌స్టేషన్, నీటి పథకం లాంటివైతే 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం వస్తుంది. మామూలుగా ఆరు నెలలకు తగ్గని కఠిన శిక్ష, ఐదేళ్ల దాకా. నిప్పు పెడితే ఏడాది నుంచి పదేళ్లు. గుంతకల్లు, గుత్తి వైపు రైల్‌రోకో అనుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి: పట్టాల మీద కూర్చుంటే రైల్వే చట్టం 174 కింద రెండేళ్ల దాకా, మనుషులకు ప్రమాదమని తెలిసీ రైలు మీద రాయి వేస్తే 152 కింద యావజ్జీవం దాకా. ఒకటి కూర్చోవడం, ఇంకోటి రాయి విసరడం. ఈ రెండింటి మధ్య దూరాన్ని చట్టమే ఇంత పెద్దదిగా చూసింది.

కమిటీ పెద్దలు తప్పకుండా చదవాల్సింది సుప్రీంకోర్టు 2009 తీర్పు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అందులో ప్రతివాది. ఊరేగింపు దారిని నిర్వాహకులు పోలీసులతో కూర్చుని ఖరారు చేసుకోవాలి, కత్తులు లాఠీలు ఉండకూడదు, ముఖ్యమైన కూడళ్లలో వలంటీర్లను పెడతామని హామీ ఇవ్వాలి. నష్టం జరిగితే పగలగొట్టినవాళ్లతో పాటు పిలుపు ఇచ్చినవాళ్లూ పరిహారం భరించాలి. 2018 తీర్పు ఇంకో అడుగు వేసింది: హింస జరిగితే నాయకులు 24 గంటల్లో తమంతట తామే స్టేషన్‌కు వెళ్లి హాజరు కావాలి. అరెస్టయినవాళ్లకు, లెక్కగట్టిన నష్టం డిపాజిట్ చేయమనే షరతుతో బెయిలు ఇవ్వవచ్చు. అంటే కుర్రాడు పగలగొట్టిన అద్దం డబ్బు వాళ్ల నాన్న పట్టాదారు పాసుపుస్తకం తాకట్టు దాకా వెళ్లగలదు.

బలవంతపు బంద్ రాజ్యాంగ విరుద్ధమని కేరళ హైకోర్టు 1997లో చెప్పింది, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. స్వచ్ఛందంగా మూయమని అడిగే హక్కు మీకుంది. షట్టర్ లాగే హక్కు లేదు.

పిలుపు కాగితం, అనుమతి

కరపత్రంలో డిమాండ్ల కింద ఐదారు వరుసలు వేరే పెట్టండి: అంబులెన్సులు, మందుల షాపులు, పాల బండ్లు, పరీక్షకు వెళ్లే పిల్లలు, పెళ్లి, చావు బండ్లను ఆపం, బస్సు, రైలు, షాపు, విగ్రహం దేన్నీ తాకం, ఇది దాటినవాళ్లు మా వాళ్లు కారు. చివరి మాట తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. ముందు రోజే అచ్చులో ఉంటే పోలీసుల ముందూ, కోర్టు ముందూ పనికొస్తుంది.

అనుమతి దరఖాస్తు కనీసం మూడు రోజుల ముందు డీఎస్పీ ఆఫీసులో ఇవ్వండి. కార్యక్రమం, తేదీ, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, మలుపులతో సహా దారి, రాగల జనం, బాధ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోండి. "సార్‌కి ఇస్తాలే, పోండి" అంటే రాకండి, అక్కడే నిలబడండి. సభలు, ఊరేగింపులను నియంత్రించే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందా, భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 163 కింద నిషేధాజ్ఞలు ఉన్నాయా అడిగి తెలుసుకోండి. పాత 144 ఇప్పుడు 163. అనుమతి నిరాకరిస్తే కారణం కాగితం మీద అడగండి. జనం సంఖ్య తక్కువ చూపించడం చాలామంది చేసే పొరపాటు. 200 అని రాసి 2,000 మందిని తెస్తే బందోబస్తు చాలదు, తోపులాట అక్కడే మొదలవుతుంది.

దారి, వలంటీర్లు, సామాను

ముందు రోజు సాయంత్రం ఇద్దరు దారంతా నడవాలి. చూడాల్సింది రాళ్ల కోసం. కట్టుబడి జరిగే ఇంటి ముందు కంకర కుప్ప, డ్రైనేజీ కోసం తవ్విన మట్టిగడ్డలు, పగిలిన ఫుట్‌పాత్ పలకలు ఎక్కడున్నాయో రాసుకోండి. కుప్ప పక్క నుంచి దారి తప్పించలేకపోతే పట్ట కప్పించి ఒక మనిషిని నిలబెట్టండి. గొడవలో చేతికి దొరికేదే విసురుతారు. దొరక్కపోతే అరుపులతో పోతుంది.

ఇరవై మందికి ఒక వలంటీర్ ఉండాలి. 500 మంది ర్యాలీకి 25 మంది: ముందు ఐదుగురు, వెనక ఐదుగురు, రెండు పక్కలా పది మంది, కూడళ్లలో ఐదుగురు. అందరికీ ఒకే రంగు గుడ్డ చేతికి కట్టండి, పార్టీ కండువా రంగు వద్దు. వయసు పాతికకు తక్కువ కాకుండా, ఆ వీధుల్లో నలుగురికీ తెలిసిన ముఖాలైతే మంచిది. "ఒరే" అని పిలిచి చెయ్యి పట్టుకుని ఆపగల చనువు ఉన్న మామ, అన్న చేసే పని మైకు చేయలేదు.

జెండా కర్ర బొటనవేలి కంటే లావుండకూడదు. ప్లకార్డుకు రేకు వద్దు, అట్ట చాలు. ఎండాకాలం అనంతపురంలో 40 డిగ్రీలు దాటుతుంది. మనిషికి లీటరు లెక్కన 500 మందికి 20 లీటర్ల క్యాన్లు 25 పెట్టండి, 11 గంటల లోపు ముగించండి. దాహంతో ఉన్న గుంపు త్వరగా రెచ్చిపోతుంది.

దిష్టిబొమ్మకు పెట్రోలు వాడకండి. దాని ఆవిరి బొమ్మ చుట్టూ పరుచుకుని, అగ్గిపుల్ల గీసినవాడి లుంగీకే అంటుకుంటుంది. లోపల ఎండు వరిగడ్డి ఉంటే ఏ నూనె లేకుండానే కాలుతుంది. రెండు బకెట్ల ఇసుక పక్కన ఉంచండి, పైన కరెంటు తీగ లేని చోటు చూడండి. టైర్లు అసలే వద్దు. మంట ఆరడానికి గంటలు పడుతుంది, కింద తారు కరుగుతుంది, కాలాక మిగిలే ఉక్కు తీగలు రోజుల తరబడి బండ్ల టైర్లలో దిగుతాయి. 44వ జాతీయ రహదారి మీద ఈ పని చేస్తే జాతీయ రహదారుల చట్టం కింద ఇంకో కేసు. టమాటా, ఉల్లి పారబోస్తే రోడ్డుకు ఒక పక్కన మాత్రమే పోయండి. తొక్కిన టమాటా మీద బైకు నిలవదు. పార, చీపుర్లు మీరే తెచ్చి ఎత్తేసి వెళ్లండి.

ఎప్పుడు పగులుతుంది

అద్దాలు పగిలేది పెద్ద ర్యాలీ నడుస్తున్నప్పుడు కాదు. మొదటి గండం తెల్లవారుజామున 4, 5 గంటలకు, డిపో నుంచి తొలి సర్వీసులు బయటికి వచ్చేటప్పుడు. చీకట్లో బైకుల మీద తిరిగే చిన్న గుంపులకు ముందూ వెనకా పెద్దవాళ్లుండరు. బంద్ అయితే బైకు గుంపులు వద్దని ముందే చెప్పండి. డిపో గేటు దగ్గర కూర్చునేది పేర్లు రాసుకున్న పదిమందే అయి ఉండాలి, వాళ్లలో ఒకరు డిపో మేనేజర్‌తో ఫోన్లో ఉండాలి.

రెండో గండం షాపుల దగ్గర. మూయమని అడగడానికి ఇద్దరే వెళ్లాలి, ఇరవై మంది కాదు. "అన్నా, ఈ రోజుకు సహకరించండి" అని చెప్పి కరపత్రం చేతికిచ్చి ముందుకు నడవండి. అతను మూసేదాకా అక్కడే నిలబడితే అది అడగడం కాదు, బెదిరించడం.

మూడోది, అన్నిటికంటే చెడ్డది, నాయకులు ఉపన్యాసం చెప్పి కారెక్కిన తర్వాతి అరగంట. ఆవేశం ఎక్కించి మనుషులను రోడ్డు మీద వదిలేయడమే ఇది. పిలుపు ఇచ్చినవాళ్లు చివరి మనిషి వెళ్లేదాకా కదలకూడదు. ముగిసిందని మైకులో మూడుసార్లు చెప్పి, మైకు కట్టేసి, గుంపును నాలుగు దారుల్లో పంపండి. అందరూ బస్టాండు వైపే పోతే మళ్లీ గుంపవుతుంది.

ముగ్గురు ఫోన్లలో వీడియో తీయాలి, ముందు, మధ్య, వెనక. ఆపకుండా తీయండి, కత్తిరించకండి. వాట్సాప్‌లో పంపిన కాపీ కాకుండా అసలు ఫైలు అదే ఫోన్లో ఉంచండి. బయటి నుంచి వచ్చి రాయి వేసిన వాడెవడో తేల్చేది ఆ ఫైలే.

పగిలితే వెంటనే

మైకులో అందరినీ కూర్చోమనండి. కూర్చున్న గుంపులో రాయి విసిరేవాడు నిలబడక తప్పదు, కనపడతాడు. దెబ్బ తగిలినవాళ్లను ముందు చూడండి. కంట్లో గాజు పడితే నలపనివ్వకండి, కడగబోయి రుద్దకండి, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి 108లో పంపండి. కార్యక్రమం అక్కడితో ఆపేయండి. కొనసాగిస్తే ఆ రాయికి మీరు మద్దతిచ్చినట్టే.

అదే రోజు సంతకాలతో ప్రకటన ఇవ్వండి: ఏం పగిలింది, ఎక్కడ, ఎన్ని గంటలకు, మేం ఖండిస్తున్నాం, భరిస్తాం. "అసాంఘిక శక్తుల పని" అన్న అరిగిపోయిన మాట రాయకండి, వీడియో ఉంటే చూపించండి. 24 గంటల్లోపు లాయర్‌ను తీసుకుని స్టేషన్‌కు వెళ్లండి. ఎఫ్ఐఆర్‌లో "విధ్వంసం సృష్టించారు" అని గంపగుత్తగా ఉంటే, ఏ వస్తువు, ఎవరు, విలువెంత అని లాయర్ ద్వారా అడిగించండి. గోడ మీద నినాదం రాసినవాడికీ బస్సు మీద రాయి వేసినవాడికీ ఒకే సెక్షన్ పెడితే గట్టిగా అభ్యంతరం చెప్పండి. రాష్ట్రంలో గోడ రాతలకు 1997 నాటి చట్టం వేరే ఉంది.

నష్టపోయిన షాపతను, ఆటో అతను చేయాల్సింది: ఏదీ ఊడ్చకముందే దూరం నుంచి రెండు, దగ్గర నుంచి నాలుగు ఫొటోలు తీయాలి. ఫిర్యాదులో వస్తువులు విడివిడిగా, ధరలతో రాయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోవాలి. మెకానిక్ లేదా గాజు షాపు నుంచి సంతకంతో కొటేషన్ తెచ్చుకోవాలి. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్న బండికి అల్లర్ల నష్టం వస్తుంది, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. చాలా ఆటోలకు ఉండేది అదొక్కటే. తోపుడు బండికి అదీ లేదు.

అందుకే పిలుపుకు ముందే చందాల్లోంచి కొంత డబ్బు వేరే తీసి పెట్టుకోండి. చిన్నవాళ్ల నష్టం వారంలోపు వాళ్ల బండి దగ్గరికే వెళ్లి ఇవ్వండి, ఫొటోల కోసం ఆఫీసుకు పిలిపించకండి. ఎంత ఇచ్చారో, దేనికిచ్చారో రాసి సంతకం తీసుకుని, ఆ రసీదును డీఎస్పీ ఆఫీసు స్టాంపు ఉన్న కాపీతో కలిపి ఒకే ఫైల్లో పెట్టండి. పరిహారం లెక్క కోర్టు దాకా వెళితే లాయర్ ముందు అడిగేవి ఆ రెండు కాగితాలే.